ఉగాది కార్యక్రమం, సింగ్ నగర్ పిల్లల సంగీతం క్లాసు: వాలంటీర్ల ప్లానింగ్

విజయవాడ నుంచి:

డాలస్‌లో ఉన్న అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. ఉగాది తర్వాత వచ్చే శనివారం మన సంఘం చేసే కార్యక్రమంలో పోగయ్యే విరాళాలు ఈసారి సింగ్ నగర్ సంగీతం క్లాసుకు ఇద్దామనుకున్నారని నిన్నటి కాల్‌లో విన్నాను. చాలా సంతోషం. కానీ పని మొదలయ్యే ముందే ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ డబ్బుతో వాయిద్యాలు కొనొద్దు. టీచర్లను పెడదాం.

కొన్నేళ్ళ కిందట ఇలాగే నలుగురు పంపిన డబ్బుతో ఇక్కడ ఒక హాస్టల్‌కి ఆరు కీబోర్డులు ఇప్పించాను. ఇచ్చిన రోజు ఫొటోలు దిగాం. నేర్పే మనిషి లేడు. పిల్లలు పాడు చేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు కింది అంతస్తులో ఉన్న ఆ బీరువా మునిగిపోయింది. నీళ్ళు తీశాక తెరిచి చూస్తే నాలుగింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఈ మధ్యలో ఒక్కసారైనా వెళ్ళి అడగాల్సింది నేనే. అడగలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు నడుస్తున్న క్లాసు సంగతి. ఆదివారం, మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు 45 మంది దాకా వస్తారు. సింగ్ నగర్, వాంబే కాలనీ పిల్లలే ఎక్కువ. ఒక హార్మోనియం, రెండు మృదంగాలు, ఒక తబలా జత, ఏడు డప్పులు ఉన్నాయి. మిగతాదంతా గొంతులే. ఇద్దరు టీచర్లు ఇన్నాళ్ళూ దారి ఖర్చులు మాత్రం తీసుకుని చెప్తున్నారు. ఇద్దరికీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఇంకో ఏడాది ఇలాగే నడవమంటే నడవదు.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పిస్తే బాగా వస్తుంది కదా అని నిన్న ఒక అక్క అడిగారు. ఫీజు కట్టి, బండి మీద దింపి, ఇంట్లో కూర్చోబెట్టి సాధన చేయించే అమ్మానాన్నలు ఉన్న పిల్లలకు అది సరిపోతుంది. ఇక్కడి పిల్లలకు ఇంట్లో సాధన చేసుకునే చోటే ఉండదు. వాళ్ళ సాధనంతా క్లాసులోనే జరగాలి. అందుకే మా టీచర్ సరళీ స్వరాలతోనే, అంటే కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వర వరసలతోనే, గుంపును కట్టారు. ఆది తాళం అందరికీ ఒకటే. నిన్న చేరిన పాప మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, వరసను ఒకసారి పాడుతుంది. అదే సమయంలో ఆరునెలల నుంచి వస్తున్న పిల్లలు రెండో కాలంలో రెండుసార్లు, బాగా వచ్చినవాళ్ళు మూడో కాలంలో నాలుగుసార్లు పాడతారు. అందరూ సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర, కలుస్తారు. కొత్త పాప మొదటి రోజే పెద్ద పాటలో ఉన్నట్టు ఇంటికి వెళ్తుంది. వెనకబడ్డానన్న టెన్షన్ ఉండదు. గొంతు మారే వయసు అబ్బాయిలు సిగ్గుపడి మానేస్తుంటే వాళ్ళకు తాళం, డప్పు అప్పజెప్పాం. అందులో ముగ్గురు ఇప్పటికీ వస్తున్నారు.

ఆటోనగర్ షెడ్డులో పనిచేసే పదిహేడేళ్ళ అబ్బాయి ఒకడున్నాడు. దరువు ఎత్తేది అతనే. అతను వచ్చేదాకా మిగతా ఆరుగురు మొదలుపెట్టరు, గేటు వైపే చూస్తుంటారు. వాడి కోసం ఎవరైనా ఆగడం ఇదే మొదలు బాబూ అని వాళ్ళమ్మగారు టీచర్‌తో అన్నారు. ఒకడు రాకపోతే ఆ ఖాళీ అందరికీ వినిపిస్తుంది. క్లాసవగానే ఇద్దరు పిల్లలు వాళ్ళింటికి వెళ్ళి ఏమైందని అడుగుతారు. బడి మానేసిన సంగతి అయినా, ఇంట్లో గొడవైనా మాకు ముందుగా తెలిసేది అలాగే.

స్టేజీ టీమ్:

చాలా బాగా చెప్పారు. సాయంత్రం 6 గంటలకు మెయిన్ ప్రోగ్రామ్. అప్పుడు అక్కడి పిల్లల్ని లైవ్‌లో తీసుకొచ్చి, మన పిల్లలతో కలిపి పాడిద్దామా? పెద్ద స్క్రీన్ ఉంది.

విజయవాడ నుంచి:

అన్నా, మార్చిలో మీ గడియారాలు ముందుకు జరిగాక తేడా పదిన్నర గంటలు. మీకు శనివారం సాయంత్రం 6 అంటే మాకు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. పిల్లల్ని ఆ వేళకు లేపి తీసుకురావడం నాకిష్టం లేదు. ఇంకొకటి, ఇంటర్నెట్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. మాట్లాడుకోవడానికి పర్వాలేదు గానీ, కలిసి పాడితే తాళం తప్పుతుంది.

నా ఆలోచన ఇది. మీ శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, మాకు రాత్రి 8 గంటలకు, రెండు వైపుల పిల్లలూ ముఖాముఖి కలవాలి. మావాళ్ళు ఒక దరువు వేస్తారు, మీ పిల్లలు చప్పట్లతో తిరిగి చెప్తారు. తర్వాత మీ పిల్లలు ఒకటి ఇస్తారు. ఒకరి తర్వాత ఒకరు కాబట్టి ఆలస్యం అడ్డురాదు. సాయంత్రం స్టేజీకి మాత్రం ముందే రికార్డు చేసిన ట్రాక్ పంపుతాం. దాని మీద మీ పిల్లలు పాడొచ్చు. పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు, వాళ్ళను లెక్కలోంచి తీసేయండి. రికార్డింగ్ ఫిబ్రవరిలోనే ముగిస్తాం.

వీడియో టీమ్:

ఒక్కో పిల్లవాడి కథతో మూడు నిమిషాల వీడియో చేస్తే విరాళాలు బాగా వస్తాయండి. ఇల్లు, అమ్మానాన్నల పరిస్థితి చూపిస్తే జనం కదులుతారు.

విజయవాడ నుంచి:

దయచేసి అది వద్దండి. క్లాసుకు వచ్చేవాళ్ళలో కొందరు సంరక్షణ హాస్టళ్ళ పిల్లలు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టకూడదు. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. మన సాటి ఊరివాళ్ళ ముందు తన ఇంటి లేమి తెర మీద ఆడుతుంటే ఆ పిల్లకు ఎలా ఉంటుంది? రేపు అదే వీడియో తన బడిలో ఎవరి ఫోన్‌లోనో కనిపిస్తుంది.

చేతులు చూపిద్దాం. డప్పు మీద చేతులు, తాళం వేసే వేళ్ళు, హార్మోనియం మెట్లు. ముఖాలు లేకుండానే పాట మొత్తం వినిపిద్దాం. కథ కావాలంటే ఘంటసాల గారిది చెప్పండి. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్ళి, మధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకుని, అన్నం తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు డబ్బు తీసుకోకుండా నేర్పారు. ఈ రోజు విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఉన్నది ఘంటసాల గారి పేరే. యాంకర్ ఈ మూడు వాక్యాలు నెమ్మదిగా చెప్తే చాలు. మన హాలులో ఆ గొంతు తెలియనివాళ్ళు ఉండరు.

బాబాయ్ గారు (సలహా మండలి):

మంచి పనే నాన్నా. ఇలా గుంపుగా నేర్పి పేద పిల్లలు పైకొచ్చిన చోటు ఎక్కడైనా ఉందా? స్పాన్సర్లు నన్ను అడుగుతున్నారు.

విజయవాడ నుంచి:

ఉంది బాబాయ్ గారూ. వెనెజులాలో హోసె ఆంటోనియో అబ్రేయు అనే ఆయన 1975లో ఎల్ సిస్తెమా అనే, పిల్లలకు గుంపుగా ఆర్కెస్ట్రా నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. మొదటి రిహార్సల్‌కి వచ్చింది 11 మందేనని ఆయనే చెప్పేవారు. తర్వాత దేశమంతా పాకింది. 2009లో అమెరికా ఆర్కెస్ట్రా అయిన లాస్ ఏంజలస్ ఫిల్‌హార్మోనిక్‌కి సంగీత దర్శకుడైన గుస్తావో డుడమెల్ అక్కడ నేర్చుకున్నవారే. అయితే అక్కడి కఠినమైన పద్ధతుల మీద విమర్శలు కూడా వచ్చాయి, అవీ స్పాన్సర్లకు చెప్పండి. దూరం పోకుండా చెప్పాలంటే మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారున్నారు. పేద ఇంట్లో పుట్టి బుర్రకథతో 1986లో పద్మశ్రీ దాకా వెళ్ళారు. బుర్రకథ కూడా ముగ్గురి పనే, వంతలు లేనిదే కథకుడు లేడు.

ట్రెజరర్:

లెక్క చెప్పండి. డబ్బు మీ అకౌంట్‌కి పంపితే త్వరగా అవుతుంది కదా?

విజయవాడ నుంచి:

నా అకౌంట్‌కి అస్సలు పంపొద్దండి. సంఘం అమెరికాలో రిజిస్టరయింది కాబట్టి అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, అది కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్ళకున్న ప్రత్యేక ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు మళ్ళించకూడదు. అందుకే క్లాసును నేరుగా నడిపే సంస్థనే ఎంచుకోవాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. టీచర్ల జీతం ఏ పద్దు కింద రాస్తారో వాళ్ళ ఆడిటర్ దగ్గర ముందే కాగితం మీద తీసుకుంటాను. భారత పౌరులు సొంత సంపాదన బ్యాంకు ద్వారా విడిగా పంపితే ఈ నిబంధన లేదు. ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకు ఇచ్చేది) ఉన్నవాళ్ళు మాత్రం విదేశీయుల లెక్కే.

ఇద్దరు టీచర్లకు నెలకు 18 వేల చొప్పున 24 నెలలకు 8 లక్షల 64 వేలు. 45 మందికి రోజుకు 20 రూపాయల గుగ్గిళ్ళో అరటిపండో, నెలకు 13 క్లాసుల చొప్పున 2 లక్షల 80 వేల 800. ఆకలితో వచ్చిన పిల్ల గొంతు ఎత్తలేదు, ఆ ఖర్చు తగ్గించొద్దు. మృదంగం మూతలు, హార్మోనియం రిపేర్లకు 40 వేలు. అంతా కలిపి దాదాపు 11 లక్షల 85 వేలు. తక్కువ వస్తే నెలలు తగ్గిద్దాం, జీతం తగ్గించొద్దు.

స్వాగతం టీమ్:

అతిథులు లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర డప్పులు పెడదాం అనుకున్నాం. మంటపెట్టి కాచుకోవచ్చా? హాలు వాళ్ళతో మాట్లాడాలా?

విజయవాడ నుంచి:

మంట కుదరదు వదినా, ఫైర్ అలారం మోగుతుంది. ప్లాస్టిక్ మూత ఉన్న డప్పులు వాడండి, వాటిని కాచే పని లేదు. గుమ్మం దగ్గర మాత్రం పెట్టొద్దు. డప్పు అనగానే ఇప్పటికీ కులం చూసేవాళ్ళున్నారు. మా క్లాసులోనే మొదటి నెల ఇద్దరు తల్లులు హార్మోనియం అయితేనే పంపుతామన్నారు. పిల్లలందరూ రెండూ నేర్చుకోవాలని టీచర్ గట్టిగా నిలబడ్డారు. ఒకావిడ నెల తర్వాత పంపారు, రెండో ఆవిడ ఇంకా పంపలేదు. అందుకే డాలస్‌లో డప్పు స్టేజీ మీద, స్వరాల పక్కనే ఉండాలి.

ఇక మీ వైపు కావలసింది ఒక్కటే. పాడబోయే పిల్లలు ఎంతమందో, ఎవరిది ఏ శ్రుతో (గొంతు ఏ ఎత్తులో హాయిగా పలుకుతుందో) బుధవారంలోపు పంపండి. మా ఆడపిల్లలు అయిదు శ్రుతిలో పాడతారు. మీ అబ్బాయిలకు అది అందకపోతే వాళ్ళకు తాళం ఇస్తాం, ట్రాక్ ఆ లెక్కన చేయిస్తాను.