రమోన్స్ 50 ఏళ్ల డీలక్స్ పెట్టెలు: ఆగాలా, పాత 40వ ఏటివి కొనెయ్యాలా?

అమలాపురం_బేస్

అమెరికా పంక్ రాక్ బ్యాండు రమోన్స్ మొదటి ఆల్బం 1976 ఏప్రిల్ 23న వచ్చింది. ఆ లెక్కన 2026లో దానికి 50 నిండుతాయి. 2027లో ‘లీవ్ హోమ్’కి, ‘రాకెట్ టు రష్యా’కి, 2028లో ‘రోడ్ టు రూయిన్’కి. వరసగా మూడేళ్లూ మనకి పండగే. 40వ ఏట రైనో అనే రికార్డు కంపెనీ తెచ్చిన డీలక్స్ పెట్టెలు (సీడీలూ ఎల్పీ కలిపినవి) ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతున్నాయి, రేటు మండిపోతోంది. తెలిసినవాళ్లు మూడు సంగతులు చెప్పండి. ఒకటి, 50వ ఏటి పెట్టె కోసం ఆగడం మంచిదా, పాతది పట్టెయ్యాలా? రెండు, బయటి దేశం నుంచి తెప్పిస్తే ఎల్పీ (పెద్ద వినైల్ ప్లేటు) వంకరపోకుండా చేరాలంటే ఏం చెయ్యాలి? మూడు, కోనసీమ చెమ్మలో ఇన్ని అట్టలూ పుస్తకాలూ బూజు పట్టకుండా ఎలా దాచాలి?

కాలవగట్టు_మోనో

మొదటి ప్రశ్నకి జవాబు ఆ పెట్టెలో ఏముందన్న దాన్ని బట్టే అండి. 2016లో వచ్చిన మొదటి ఆల్బం పెట్టెలో 3 సీడీలు, 1 ఎల్పీ. నంబర్లు వేసి 19,760 కాపీలు వేశారు (1976 అన్న అంకె అందులోనే ఉంది చూడండి). ఒక సీడీలో స్టీరియో రీమాస్టరూ (శబ్దం మెరుగుచేసిన పాత మిక్సు) కొత్త మోనో మిక్సూ (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా కలిపినది), రెండోదాంట్లో సింగిల్సూ డెమోలూ (ఆల్బంకి ముందు తీసిన నమూనా రికార్డింగులు), మూడోదాంట్లో 1976 ఆగస్టు 12న రాక్సీ క్లబ్బులో వాయించిన రెండు సెట్లు. ఎల్పీ మీద ఉన్నది మోనో మిక్స్ ఒక్కటే. స్టీరియో ప్లేటు కావాలనుకునేవాళ్లు ఈ పెట్టె కొని నిరాశపడతారు, ముందే తెలుసుకోండి.

నా మటుకు ఆ మోనో మిక్స్ కోసమే ఈ పెట్టె కొనొచ్చు. అసలు ఆల్బంలో బేస్ అంతా ఎడమ స్పీకర్లో, గిటార్ అంతా కుడి స్పీకర్లో ఉంటుంది. ఇయర్‌ఫోన్లో ఒక చెవి తీసేస్తే సగం బ్యాండు మాయం. నిర్మాత క్రెయిగ్ లియాన్ స్వయంగా చేసిన మోనోలో డీ డీ బేసూ జానీ గిటారూ ఒకే ముద్దగా ఛాతీ మీదకి వస్తాయి. 29 నిమిషాలు, 14 పాటలు, 6,400 డాలర్ల ఖర్చుతో తీసిన రికార్డు ఇంత బలంగా ఉంటుందని ఆ మిక్స్ వింటే గానీ తెలీదు.

ఇంకో మాట. ఆ ఆల్బం వాయించిన నలుగురిలో ఒక్కరూ లేరిప్పుడు. జోయీ 2001లో, డీ డీ 2002లో, జానీ 2004లో, టామీ 2014లో పోయారు. కొత్తగా ఏదొచ్చినా టేపుల్లోంచే రావాలి. ఉన్న మంచి డెమోలు 40వ ఏటే చాలావరకు బయటపడ్డాయి. కాబట్టి కొత్త పెట్టె ప్రకటించగానే పాటల పట్టిక పక్కపక్కన పెట్టి చూడండి. మునుపు రాని లైవ్ టేపు పూర్తిగా ఒకటుంటేనే డబ్బులు తియ్యండి.

కొత్త పెట్టె పుట్టినరోజుకే రాలేదని తేదీ గురించి కంగారొద్దు. 40వ ఏడు మొదటి ఆల్బం పుట్టినరోజు ఏప్రిల్లో, పెట్టె వచ్చింది సెప్టెంబరులో. ‘లీవ్ హోమ్’ పుట్టింది జనవరిలో, పెట్టె జూలైలో.

సెకండ్ హ్యాండ్ కొంటే పెట్టె మీది నంబరు, ఎల్పీ మధ్య లేబుల్ పక్కన ఖాళీ వలయంలో చెక్కిన అక్షరాలు దగ్గరగా ఫోటో తీసి పంపమనండి. అవి చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

రావులపాలెం_33

రెండో ప్రశ్నకి జవాబు నేను చెప్తా. రోహిణి కార్తెలో ఎల్పీ తెప్పించకండి, అంతే. ఎల్పీ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరికొస్తే మెత్తబడిపోతుంది. ఎండలో నిలబెట్టిన డెలివరీ వ్యాను లోపల వేడి ఆ దరిదాపులకి పోతుంది. పైగా పెట్టె మీద బిగుతుగా చుట్టిన పల్చటి ప్లాస్టిక్ వేడికి ముడుచుకుని అట్టనీ ప్లేటునీ కలిపి లాగేస్తుంది. పంపేవాళ్లకి ముందే రాయండి: ప్లేటు అట్టలోంచి తీసి పక్కన పెట్టి పంపమని, రెండు వైపులా గట్టి అట్టలు పెట్టమని. లేకపోతే దారిలో ఎగిరిపడ్డప్పుడల్లా ప్లేటు అంచు అట్ట కుట్టుని చీల్చుకుని బయటికొస్తుంది. కార్తీకం నుంచి మాఘం లోపల చేరేలా ఆర్డరు పెట్టుకుంటే సగం బెంగ తీరుతుంది.

కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీద ఒక్కటే కాదు, రవాణా ఖర్చు, బీమా కలిపి లెక్కేస్తారు. బరువైన పెట్టెకి రవాణాయే ఎక్కువ, దాని మీద మళ్లీ పన్ను. “గిఫ్ట్ అని రాయిస్తా” అనే అమ్మకందారు మాట వినకండి. దానికి మినహాయింపు లేదు, పైగా ధర తగ్గించి రాస్తే పార్సెల్ పాడైనప్పుడు బీమా కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది. కొరియర్ వాళ్లు కేవైసీ అడిగిన రోజే పంపెయ్యండి, ఆలస్యమైతే గోడౌన్లో వేడికి కూర్చునేది మీ ప్లేటే. పార్సెల్ విప్పేటప్పుడు మొదటి టేపు కొయ్యడం దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీసుకోండి.

పాలకొల్లు_పంక్

చెమ్మ సంగతి. పెట్టెని గోడకి ఆనించి పెట్టొద్దు, నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ఎల్పీలు నిలువుగానే, పడుకోబెడితే కిందవాటికి బరువు పడుతుంది. ప్లేటు వచ్చిన కాగితం కవరు తీసేసి పల్చటి పాలిథీన్ లోపలి కవర్లోకి మార్చండి. బయటి కవరు కూడా పాలిథీనే తీసుకోండి, పీవీసీది వద్దు. అది మన వేడికి ప్లేటుకి అంటుకుని పొగమంచులాంటి మరక వేస్తుంది, ఎంత కడిగినా పోదు.

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, 200 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్ (చెమ్మ పీల్చే గింజలు) గుడ్డ సంచిలో వేసి, చిన్న హైగ్రోమీటరు (గాలిలో చెమ్మ కొలిచేది) పక్కన పెట్టండి. 45, 50 శాతం మధ్య ఉంటే బాగున్నట్టు. గింజలు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేసి చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. వానాకాలమంతా వారానికోసారి రంగు చూడండి. బీరువా అలవాటు కొద్దీ కలరా ఉండలు మాత్రం వెయ్యకండి! వాటి ఆవిరి సీడీ డబ్బాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది.

కడగడానికి కుళాయి నీళ్లొద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. ఆ ఉప్పు గాడిలో ఆరి చిటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటరు 4 పాళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 1 పాలు, లీటరుకి రెండు మూడు చుక్కల వాసన లేని గిన్నెల సబ్బు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దారినే తుడిచి, ఇంకో గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటరు పెట్టి తుడవండి. లేబుల్ తడవనివ్వకండి.

అమలాపురం_బేస్

అందరికీ చాలా థాంక్సండి. ఇంకో రెండు ముక్కలు. అమెరికా నుంచి తెచ్చిన పాత టర్న్‌టేబుల్ ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పాటలు నెమ్మదిగా సాగుతున్నాయి. ఇంట్లో పాత పద్య నాటకాల 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కూడా ఉన్నాయి, వాటినీ ఇదే నీళ్లతో తుడవొచ్చా?

రావులపాలెం_33

ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీ మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదండి. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. ఏసీ మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది దాదాపు 27.8 దగ్గర తిరుగుతుంది. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ మోటారు పుల్లీ విడిగా దొరికితే అది మార్చండి. డీసీ మోటారుదైతే ఈ బాధే ఉండదు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపకండి, స్పీకర్లో బుయ్‌మని మోత వస్తుంది.

పాలకొల్లు_పంక్

78ల జోలికి ఆ నీళ్లు తీసుకెళ్లకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగి గాడి పోతుంది. వాటికి ఉత్త డిస్టిల్డ్ వాటరు, చుక్క సబ్బు చాలు. నానబెట్టకుండా తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఎల్పీ సూదితో కూడా వాయించకండి, వాటి గాడి మూడింతలు వెడల్పు, సూది వేరే ఉంటుంది.