‘ఫాస్టెన్’కూ వేగానికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
కాజా టోల్‌గేటు దగ్గర కారు అద్దానికున్న ఫాస్టాగ్‌ను చూపించి మా అమ్మాయి ఒక సందేహం అడిగింది. అందులోని ‘ఫాస్ట్’ అంటే త్వరగా అని అర్థం, సీటు బెల్టును ‘ఫాస్టెన్’ చేయమంటే బిగించమని అర్థం, ఉపవాసమేమో ‘ఫాస్టింగ్’. కదలకుండా కట్టడం, వడిగా కదలడం, తిండి మానడం ఒకే మాటలో ఎలా ఇమిడాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (గుంటూరు, ఇంగ్లీషు అధ్యాపకుడు):
మూడింటిదీ ఒకే వంశమండీ. ప్రాచీన ఆంగ్లంలో ‘ఫ్యాస్ట్’ అనే విశేషణానికి దృఢమైనది, కదలనిది అని అర్థం. గట్టిపరచడం అనే అర్థంలో ‘ఫాస్టెన్’ దాని నుంచే పుట్టింది. జర్మన్‌లో ‘ఫెస్ట్’ అంటే నేటికీ గట్టిదనే అర్థం. వేగం మాత్రం క్రియావిశేషణం దారిన వచ్చింది: బలంగా, పట్టుగా అనే భావంతో వాడే మాట పరుగుకు కూడా చేరి, బలంగా పరుగెత్తడం కాస్తా త్వరగా పరుగెత్తడంగా మారింది. 13వ శతాబ్ది నాటికే ఈ మార్పు కనిపిస్తుంది. మనమూ తాడును గట్టిగా కడతాం, గట్టిగా అరుస్తాం. మన దగ్గర బిగువు ధ్వనిలోకి పోతే వారి దగ్గర వేగంలోకి పోయింది. ఇక ఉపవాసమంటే నియమాన్ని గట్టిగా పట్టుకుని ఉండడం. ఏకాదశి నాడు నిష్ఠగా ఉన్నారని మనం అనడంలోనూ ఆ స్థిరత్వమే ఉంది. ఆ నియమాన్ని విడవడమే బ్రేక్‌ఫాస్ట్, రాత్రి పెసరట్టు తిని పడుకున్నవారికి కూడా!

జవాబు (మంగళగిరి, చేనేత వస్త్ర వ్యాపారి):
ఆ పాత అర్థం మా కొట్లో రోజూ వినిపిస్తుందండీ. ‘ఫాస్ట్ కలరేనా?’ అని అడిగినవారికి తడిపిన తెల్లగుడ్డతో చీర అంచును రుద్ది, గుడ్డకు రంగు అంటలేదని చూపిస్తాం. అక్కడ ఫాస్ట్ అంటే నూలును విడవని రంగు. ముదురు ఎరుపు విషయంలో అడిగి తీసుకోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఫాస్టెన్’లో టకారాన్ని పలకాలా, మాస్టారూ?

జవాబు (గుంటూరు అధ్యాపకుడు):
పలకకూడదండీ. లిసన్, కాసిల్, క్రిస్మస్ మాటల్లో లాగానే సకారం తరువాతి టకారం ఉచ్చారణలో రాలిపోయింది, కనుక ‘ఫాసెన్’ అనడమే సరి. రాసేటప్పుడు మాత్రం అమ్మాయిని ఆ అక్షరం వదలవద్దని చెప్పండి, మార్కు పోతుంది.