“పటాటోపం” ఎక్కడి మాట? సినిమా హైప్‌కి సరిపోతుందా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక చిన్న సందేహం, దాని వెనకాల కొంచెం కడుపుమంట.

మొన్న ఒక భారీ గ్రాఫిక్స్ సినిమాకి ఇంటిల్లిపాదీ వెళ్లాం. పేరు చెప్పను, చెబితే ఇది అభిమానుల యుద్ధమై అడ్మిన్ గారు తాళం వేయాల్సి వస్తుంది. టీజర్లు, గ్లింప్స్‌లు, ప్రీ రిలీజ్ ఈవెంట్ అంటూ ఏడాదిగా ఒకటే మోత. తీరా చూస్తే ఆఖరి అరగంటంతా బూడిదరంగు చీకటి. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుంటే ఉన్న కాస్త వెలుగూ పోయింది. హీరో తాటిచెట్టంత రాక్షసుడికి సవాలు విసురుతుంటాడు, చూపు మాత్రం వాడి కళ్లల్లోకి కాదు, చెవి పక్కగా ఎక్కడో గాల్లోకి. పాపం, గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టి ఆయన్ని ఎటు చూడమన్నారో ఏమో. ఆ చూపు ఒకసారి పట్టుబడ్డాక ఇంక రాక్షసుణ్ణి చూసి భయపడడం మన వల్ల కాదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి “ఎలా ఉంది నాన్నా?” అని అడిగితే “అంతా పటాటోపమేనమ్మా” అని మెసేజ్ పెట్టాను. “పటాటోపం అంటే? టపాకాయలా?” అంది. అక్కడ ఆగిపోయాను. హైప్ అనే మాటకి ఇది సరిపోతుందా? అసలు ఇది తెలుగేనా, సంస్కృతమా? పెద్దలు చెప్పాలి.

*

జవాబు (రిటైరైన సంస్కృతం మాస్టారు, రాజమండ్రి):

సంస్కృతమేనండీ. అసలు రూపం ఫటాటోపం. ఫట అంటే పాము పడగ, ఆటోపం అంటే ఉబ్బడం, విజృంభించడం. పంచతంత్రంలో శ్లోకం ఉంది:

నిర్విషేణాపి సర్పేణ కర్తవ్యా మహతీ ఫణా
విషం భవతు మా వాస్తు ఫటాటోపో భయంకరః

విషం లేని పాము కూడా పడగ మాత్రం పెద్దగా విప్పాలి, విషం ఉన్నా లేకపోయినా ఆ పడగ విప్పడమే ఎదుటివాణ్ణి భయపెడుతుంది అని. పాఠభేదాలు ఉన్నాయి, కొన్నిచోట్ల ఘటాటోపం అని కూడా కనిపిస్తుంది. తెలుగువాళ్ల నోట్లో ఒత్తు పోయి పటాటోపం అయింది. ఇప్పుడు మనం పెళ్లిళ్లకీ, సభలకీ వాడుతున్నాం గానీ మాట లోపల ఉన్నది పామే.

అన్నట్టు, ఇక్కడ పాముని ఎవరూ తిట్టడం లేదు. ఇది నీతి శ్లోకం. అలా చెయ్యమనే చెబుతోంది. సినిమా నిర్మాతలు పంచతంత్రం చదివే ఉంటారని నా అనుమానం.

*

అసలు పోస్టు పెట్టినవారు:

మాస్టారూ, పాదాభివందనం. హైప్‌కి ఇంతకంటే మంచి మాట దొరకదు. శుక్ర, శని, ఆదివారాలు మూడూ పడగ మీదే గడిచిపోతాయి. అడ్వాన్స్ బుకింగ్ అంతా పడగ చూసి చేసేదే. విషం ఉందో లేదో సోమవారం మార్నింగ్ షోకి తేలుతుంది.

*

జవాబు (గుంటూరు):

ఇంత దూరం ఎందుకండీ, వేమన ఉన్నాడుగా. “మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట విప్పి చూడ పురుగులుండు.” అయిపోయింది.

*

జవాబు (మాస్టారు):

అవ్వలేదు నాయనా. మూడో పాదం వదిలేశావు, అందరూ అదే వదిలేస్తారు. “పిరికివాని మదిని బింకమీలాగురా.” వేమన చెప్పింది అందమైన వస్తువు లోపల కుళ్లు గురించి కాదు, లోపల ధైర్యం లేకుండా పైకి చూపించే బింకం గురించి. ఆ పాదంతో కలిపి చదివితే నీ ఉదాహరణ ఇంకా బాగా సరిపోతుంది. కథ మీద నమ్మకం లేనివాడే గ్రాఫిక్స్ మీద బింకం చూపిస్తాడు.

*

జవాబు (వరంగల్):

సార్, మా దిక్కు సిన్మా బాగలేకుంటే శ్లోకాలు చదవరు. “గింత దానికి గంత లొల్లి చేసిండ్రు” అంటరు, అంతే. హైప్‌కి మాట లేదని ఎవరన్నరు? బిల్డప్ ఉంది కదా. ఇంగ్లిష్ మాటే కావచ్చు గానీ “బిల్డప్ ఇచ్చుడు” అనేది పక్కా మనదే. హైప్ అంటే పోస్టర్‌కే, బిల్డప్ మనిషికి, సిన్మాకి, పెండ్లి సంబంధానికి అన్నిటికీ నడుస్తది.

*

జవాబు (నాటకరంగం మనిషి, హైదరాబాద్):

బిల్డప్‌కి నా ఓటు కూడా. కానీ పోస్టులో రెండు వేరువేరు బాధలు కలిసిపోయాయి. విడుదలకి ముందు చేసిన మోత ఒకటి, తెర మీద చేసిన మోత ఇంకొకటి. మొదటిదానికి పటాటోపం బాగుంది. రెండోదానికి మనకి ఆర్భాటం ఉంది, ఆ మాట చరిత్ర మరీ రుచిగా ఉంటుంది.

నాట్యశాస్త్రంలో నాలుగు వృత్తులు, అంటే ప్రదర్శన పద్ధతులు, చెప్పారు: భారతి, సాత్వతి, కైశికి, ఆరభటి. భారతిలో మాటది పెద్దపీట. కైశికిలో సుకుమారమైన ఆటపాటలు. యుద్ధాలు, దూకడాలు, పడడాలు, మాయలు, ఇంద్రజాలం, ఇవన్నీ ఆరభటి సొత్తు. మన ఆర్భటి, ఆర్భాటం ఆ ఇంటివే. అంటే ఇవాళ వెక్కిరింపుగా వాడుతున్న మాట ఒకప్పుడు గౌరవంగా లెక్కకి వచ్చిన ఒక ప్రదర్శన పద్ధతి పేరు.

ఇంకా ఉంది. వేషం, అలంకరణ, రంగస్థలం మీద వాడే సామగ్రి గురించి చెప్పే ఆహార్యాభినయంలో “పుస్తం” అని ఒక భాగం. పుస్తకం కాదు, పుస్తం. కొండలు, రథాలు, జంతువుల బొమ్మలు తయారుచేసే పని. చాపలు, గుడ్డ, తోలు లాంటివాటితో కూర్చితే సంధిమం, యంత్రంతో కదిలేలా చేస్తే వ్యాజిమం. వ్యాజిమంలో వ్యాజం అంటే నెపం, మోసం. చూసేవాణ్ణి మోసం చేసే విద్యకి అంత నిజాయితీగా పేరు పెట్టారు. నన్నడిగితే గ్రాఫిక్స్‌కి వ్యాజిమం కంటే మంచి మాట లేదు. ఎవరూ వాడరనుకోండి.

మన దగ్గర ఆరభటిని చివరిదాకా బతికించింది సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబాలు. వాళ్ల మాయాబజార్ చూడండి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరొస్తాయి. ముందు వరసలో కూర్చుంటే దారం కనిపిస్తుంది కూడా. ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే ఆ నటుడు లడ్డూ వైపే చూస్తాడు. ఎంత ఆశగా చూస్తాడంటే మన చూపు కూడా లడ్డూ మీదే ఉంటుంది, దారం మీదికి పోదు. పోస్టులో చెవి పక్కకి చూసే హీరో గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

*

జవాబు (విజయవాడ):

ఆదిపురుష్‌ని ఎవరూ ఎత్తలేదేంటి? ఈ చర్చకి అచ్చంగా సరిపోయే సినిమా. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో అట్టహాసంగా టీజర్ వదిలారు. గ్రాఫిక్స్ బొమ్మల సినిమాలా ఉన్నాయని జనం ఏకిపారేశారు. సంక్రాంతికి రావాల్సిన సినిమాని మెరుగులు దిద్దడానికని 2023 జూన్ 16కి జరిపారు. ప్రతి థియేటర్లో హనుమంతుడి కోసం ఒక సీటు ఖాళీగా వదులుతామన్నారు. అంత చేశాక విడుదలైన రోజు పెద్ద గొడవ దేని మీద? హిందీలో హనుమంతుడి చేత పలికించిన మాటల మీద. బజారు భాషలా ఉందని. గ్రాఫిక్స్‌కి నెలలు పట్టాయి, డైలాగులు మాత్రం కొద్ది రోజుల్లోనే మార్చేశారు. భాషా బృందంలో ఉన్నవాళ్లం కదా, ఇది గమనించాలి: వందల కోట్ల ఆరభటి ఉన్నా సినిమాని రచ్చకీడ్చింది భారతీ వృత్తి.

పనిలో పని, ఆ పేరు కూడా నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆదిపురుషుడు అంటే ఏం పోయేది? షకి పొల్లు తగిలించి తెలుగు పోస్టర్ మీద అచ్చేశారు. అజంత భాష, అంటే మాటలన్నీ అచ్చుతో ముగిసే భాష, అని మనం చెప్పుకోవడమే తప్ప.

*

జవాబు (బెంగళూరు):

మీరంతా నామవాచకం కోసం వెతుకుతున్నారు. తెలుగువాడు ఇలాంటి చోట క్రియ వాడతాడు. “ఊరించి ఊరించి ఉసూరుమనిపించారు.” సినిమా పేజీల్లో ఇప్పటికీ కనిపించే వాక్యమే. ఊరించడం, అంటే నోట్లో నీళ్లూరేలా చేయడం, అది టీజర్ పని. ఇక ఉసూరు. ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరే, ఇక్కడ రోజూ వింటుంటాను. హాలు మెట్లు దిగుతూ వదిలే నిట్టూర్పుకి ఆ చప్పుడే పేరయింది. ఒక్క వాక్యంలో ప్రచారమూ వచ్చింది, ప్రేక్షకుడి ప్రాణమూ వచ్చింది. డిజాస్టర్, అట్టర్ ఫ్లాప్ అన్నీ నిర్మాత లెక్కలు. ఉసూరు మాత్రం టికెట్ కొన్నవాడిది.

*

అసలు పోస్టు పెట్టినవారు:

ఇది కొట్టారు. అమ్మాయికి ఈ వాక్యమే పంపించాను. పటాటోపం వదులుకోను గానీ అది వాళ్లు చేసిన పని. నాకు జరిగింది ఉసూరే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఆరభటిని అంత వెనకేసుకురావడం న్యాయమేనా? సురభి వాళ్లకి ఒక దారం, ఒక లడ్డూ. ఇక్కడ రెండున్నర గంటల్లో గ్రాఫిక్స్ లేని షాట్ వెతికితే దొరకదు. కైశికికి, భారతికి చోటే లేనప్పుడు దాన్ని వృత్తి అనాలా?

*

జవాబు (నాటకరంగం మనిషి):

అనక్కర్లేదండీ. అందుకేగా ఆర్భాటం అంటున్నాం.

*

జవాబు (మాస్టారు):

చర్చ ముగిసేలోపు నాదొక సందేహం. వరంగల్ అబ్బాయి లొల్లి అంటే గుర్తొచ్చింది. “పైన పటారం, లోన లొటారం” అంటాం కదా. లొటారం ఖాళీ డబ్బా లొటలొటలాడినట్టు వినిపిస్తుంది, అక్కడిదాకా నా చెవికి ఇబ్బంది లేదు. కానీ పటారం అనే మాటని ఈ సామెత బయట, ఒంటరిగా, మామూలు మాటల్లో ఎవరైనా విన్నారా? మీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, విన్న వాక్యం యథాతథంగా, ఏ ప్రాంతమో చెప్పి ఇక్కడ రాయండి. నిఘంటువు చూసి రాయకండి, అది నేనూ చూడగలను.