రీమ్యాప్ చేయించిన డీజిల్ స్విఫ్ట్, 88 వేలు తిరిగింది, కొనొచ్చా?

కొండదారి:
అందరికీ నమస్కారం. దామన్‌జోడిలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు విజయనగరం ఇంటికి వెళ్లి రావాలి. అంటే సుంకి ఘాట్ తప్పదు. 2015 స్విఫ్ట్ డీజిల్ ఒకటి చూశాను, బాడీ బాగుంది, టైర్లు కొత్తవి. అమ్మే ఆయన తనంతట తనే చెప్పాడు, 40 వేల దగ్గర ఇంజిన్ రీమ్యాప్ చేయించానని. నడిపి చూశాను, పికప్ అదిరింది. నా టెన్షనల్లా ఒకటే. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లో, ఫైలు మార్చి బలం పెంచిన ఇంజిన్ ఇంకో లక్ష తిరుగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జైపూరు టర్బో:
కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. నేను మూడు బండ్లకు చేయించాను, ఒక్కదానికీ ఇంజిన్ విప్పింది లేదు. కంపెనీవాడు ఒకే బండిని దేశమంతా అమ్మాలి కదా, కల్తీ డీజిల్ కొట్టించేవాడికీ, సర్వీసు ఎగ్గొట్టేవాడికీ సరిపోవాలని బలం తగ్గించి పెడతాడు. మనం వాడుకునేది ఆ మిగులే. ఎర్టిగాలో ఇదే 1248 సీసీ ఇంజిన్ 90 పీఎస్ బలం ఇస్తుంటే స్విఫ్ట్‌లో 75 దగ్గర కట్టేశారు, దీనికేమంటారు? స్టాక్ స్విఫ్ట్, అంటే కంపెనీ ఫైలుతోనే ఉన్నది, రెండు వేల ఆర్‌పీఎం దాకా నిద్రపోతుంది. ఘాట్ మలుపులో ముందు లారీ, వెనక బస్సు ఉన్నప్పుడు ఆ నిద్ర ఎంత భయపెడుతుందో నడిపినవాడికే తెలుసు. రీమ్యాప్ అయ్యాక కాలు పెడితే చాలు. మైలేజీ కూడా నాకు రెండు పెరిగింది.

గుణుపురం కుర్రోడు:
నాకూ చేయించాలనుంది గానీ మా నాన్న ఇంట్లోంచి గెంటేస్తాడు.

రాయగడ షెడ్డు:
అదే ఇంజిన్ అనకండి సార్. ఎర్టిగాలో టర్బో, అదే ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంకా, వేరు, లోపల రెక్కలు కదిలే రకం. 75 పీఎస్ స్విఫ్ట్‌ది చిన్నది, కదలనిది. ఇంకోటి చూడండి, ఆ మంచి టర్బో పెట్టి కూడా కంపెనీవాడు టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 200 దగ్గర ఆపేశాడు. స్విఫ్ట్‌ది 190. మీకు రీమ్యాప్ చేసినవాడు కాగితం మీద ఎంత రాసిచ్చాడు?

జైపూరు టర్బో:
240. కాగితమే కాదు, రోడ్డు మీద కూడా తెలుస్తుంది.

రాయగడ షెడ్డు:
మీకే కాదు, క్లచ్‌కీ తెలుస్తుంది. ముందు పోయేది ఇంజిన్ కాదు, క్లచ్ ప్లేటు. టార్క్ అంతా కింది ఆర్‌పీఎంలోనే ఒక్కసారిగా వస్తుంది, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పై గేర్లో ఎక్కించేస్తారు, ప్లేటు జారుతూ అరుగుతుంది. ఆ తర్వాత టర్బో. సాలూరు దాటి కొరాపుట్ చేరేసరికి సుమారు 870 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్‌కి అంతే గాలి అందాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కంపెనీ ఫైలు ఆ ఎత్తును లెక్కలోకి తీసుకుని డీజిల్ తగ్గిస్తుంది. శ్రద్ధగా రాసిన రీమ్యాప్ ఆ లెక్కను ముట్టుకోదు. చవకగా వేసేవాళ్లు ఏ ఊరి బండికైనా ఒకే ఫైలు ఎక్కించేస్తారు. అప్పుడు గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, వెనక నల్ల పొగ, లోపల మంట వేడి. పైన టీ కొట్టు దగ్గర ఆపి టక్కున తాళం తిప్పేస్తారు చూడండి, ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ అక్కడే మాడి బొగ్గు కడుతుంది. నా షెడ్డులో విప్పిన టర్బో ఆయిల్ పైపులో పుల్ల పెట్టి గీకితే దోసె పెనం మీది మాడులా రాలింది.

పర్లాకిమిడి మాస్టారు:
టర్బో గారూ, మైలేజీ రెండు పెరిగిందన్నారు. మీటర్లో చూసి చెప్పారా, ట్యాంకు నిండా కొట్టించి లెక్క వేశారా?

జైపూరు టర్బో:
మీటర్లోనే. అదెందుకుందండీ మరి?

పర్లాకిమిడి మాస్టారు:
అదే అనుకున్నాను. మీటరు డీజిల్‌ను కొలవదు బాబూ, ఎంత కొట్టమని ఈసీయూ చెప్పిందో దాన్నిబట్టి లెక్క కడుతుంది. ఫైలు ముట్టుకోకుండా బయట ట్యూనింగ్ బాక్సు తగిలిస్తే అది డీజిల్ పైపులో ప్రెషర్ తక్కువగా ఉందని ఈసీయూకి అబద్ధం చెప్తుంది, ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది, మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. ఫైలు మార్చినా అదే బాధ రావచ్చు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర నిండా కొట్టించండి, మళ్లీ నిండా కొట్టించండి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. అయిదో తరగతి లెక్క.

జైపూరు టర్బో:
మాస్టారూ, నాది బాక్సు కాదు, ఫైలు. ప్రశ్న ఇంజిన్ మన్నిక గురించి, మైలేజీ గురించి కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
మైలేజీ సంగతి ఎత్తింది మీరే.

బరంపురం పోలో:
పెట్రోల్ వాళ్ల మాట కూడా వినండి. నాది పోలో జీటీ టీఎస్ఐ, ఆటోమేటిక్. కంపెనీ టార్క్ 175. దానికున్న ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్సు తట్టుకునే హద్దు 250. రీమ్యాప్ వాళ్లు ఆ హద్దు దగ్గరికి తీసుకెళ్లి పెడతారు, ఇంజిన్‌కేమీ కాదంటారు. నిజమే, కాదు. గేర్‌బాక్సు సంగతి మాత్రం మాట్లాడరు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వారంటీ ఎలాగూ గోవిందా.

జైపూరు టర్బో:
సైలెన్సర్ మారిస్తే పోలీసుకు వినిపిస్తుంది. ఫైలు ఎవడు తెరిచి చూస్తాడన్నా? అమ్మే ముందు స్టాక్ ఫైలు ఎక్కిస్తే షోరూమ్ వాడు కూడా కనిపెట్టలేడు.

గుణుపురం కుర్రోడు:
🍿

రాయగడ షెడ్డు:
ఆగండాగండి. అమ్మే ముందు స్టాక్ ఫైలు ఎక్కిస్తారా?

జైపూరు టర్బో:
అందరూ చేసేదే. అయినా మీకెందుకింత మంట? మీ షెడ్డులో రీమ్యాప్ చేసే మిషను లేదు, గిరాకీ విశాఖపట్నం పోతోంది, ఆ ఏడుపు ఇక్కడ ఏడుస్తున్నారు. పాత మెకానిక్కులందరిదీ ఇదే గోల, ల్యాప్‌టాప్ చూస్తే జ్వరం.

రాయగడ షెడ్డు:
నా ఏడుపు ఏంటో చెప్తాను వినండి. మా బావమరిది రెండేళ్ల కింద జైపూరులో ఒక డీజిల్ కారు కొన్నాడు, 60 వేలు తిరిగింది. చూసి ఓకే అన్నది నేనే. సర్వీసు పుస్తకం శుభ్రంగా ఉంది, ఇంజిన్ శబ్దం బాగుంది. ఆరు నెలలకు క్లచ్, ఇంకో నాలుగు నెలలకు టర్బో. వాడు కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో నా షెడ్డులో కూర్చుని తల పట్టుకున్నాడు. ఆ తర్వాత పాత ఓనరు స్నేహితుడే నోరు జారాడు, రీమ్యాప్ చేసి మూడేళ్లు తోలి, స్టాక్ ఫైలు వేసి అమ్మాడని. మా ఆవిడ ఇప్పటికీ పండగకు పుట్టింటికి వెళ్తే ఆ కారు సంగతి వస్తుంది, నా వైపు చూస్తారు. మీకు మిషను లేని ఏడుపులా కనబడుతోంది అది.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ మూడు బండ్లలో ఎన్ని మీ దగ్గర లక్ష దాటాయి?

జైపూరు టర్బో:
నేను మూడేళ్లకోసారి బండి మారుస్తాను. అది నా ఇష్టం.

రాయగడ షెడ్డు:
ఎన్ని దాటాయి?

జైపూరు టర్బో:
ఏదీ దాటలేదు. మొదటిది 65 వేలకు, రెండోది 58కి అమ్మాను. మూడోది ఇప్పుడు 31. కానీ నా దగ్గరున్నన్నాళ్లు ఏమీ కాలేదు కదా? నేను అయిదు వేలకోసారి ఆయిల్ మారుస్తాను, ఘాట్ ఎక్కాక రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపుతాను. చెడగొట్టేది రీమ్యాప్ కాదు, కాలు.

బరంపురం పోలో:
మరి కొన్నవాళ్లకు రీమ్యాప్ సంగతి చెప్పారా?

జైపూరు టర్బో:
అడిగితే చెప్పేవాణ్ణి.

గుణుపురం కుర్రోడు:
అడగాలని వాళ్లకెలా తెలుస్తుంది అన్నా.

రాయగడ షెడ్డు:
ఇంతసేపూ ఇంజిన్ మన్నుతుందా మన్నదా అని కొట్టుకున్నాం. ఆయన దగ్గర మన్నింది, నిజమే. అరిగింది ఎవరి దగ్గర తేలిందో ఆయనకు తెలియదు, ఎందుకంటే వాళ్లు ఆయనకు ఫోన్ చేయరు. నేను రీమ్యాప్‌కి శత్రువును కాను. చేయించుకోండి, అమ్మేటప్పుడు చెప్పి, దానికి తగ్గట్టు రేటు తగ్గించండి.

జైపూరు టర్బో:
చెప్తే ఈ చుట్టుపక్కల ఎవడూ కొనడు. మీలాంటి మెకానిక్కులు భయపెట్టి చంపేశారు జనాన్ని. చెప్పినవాడే నష్టపోవాలా?

పర్లాకిమిడి మాస్టారు:
కొండదారి గారు చూస్తున్న బండి ఓనరు చెప్పాడుగా. దాని ట్యాంకు లెక్క అడిగారా?

కొండదారి:
ఆదివారం మళ్లీ వెళ్లాను. షెడ్డు గారు క్లచ్ అన్నారని నలుగురం ఎక్కి సుంకి వైపు తీసుకెళ్లాను. చదునుగా ఉన్న ముక్కలో నాలుగో గేర్లో 50 మీద గట్టిగా తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి మూడు వేలు దాటింది, స్పీడు అక్కడే ఉంది, తర్వాత నెమ్మదిగా అందుకుంది. కాలిన వాసన కూడా వచ్చింది. పొగగొట్టంలో వేలు పెడితే కాటుకలా అంటింది. పైన ఆపినప్పుడు మాత్రం ఓనరు నా చెయ్యి పట్టుకుని ‘ఒక్క నిమిషం ఆగి ఆపు’ అన్నాడు.

క్లచ్ సంగతి చెప్తే వాదించలేదు, సెట్టు ఖర్చు రేటులోంచి తీసేస్తానన్నాడు. కావాలంటే స్టాక్ ఫైలు వేయించి ఇస్తానంటున్నాడు. వేయించమననా, ఇలాగే ఉంచనా?

జైపూరు టర్బో:
ఉంచు. కొత్త క్లచ్ వేశాక మజా చూడు.

రాయగడ షెడ్డు:
వేయించు. కొత్త క్లచ్ ప్లేటు మిగలాలంటే.

పర్లాకిమిడి మాస్టారు:
ఏ ఫైలు వేసినా ముందు ట్యాంకు నిండా కొట్టించండి.