‘విన్నంత కన్నంత’: పోతన పద్యంల ‘చిత్రంబు’ అంటే ఏంది?

పోస్టు: అందరికి నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానలు నేసేటోళ్ల మీద ఒక కథ మొదలువెట్టిన. అమ్మ కండెలు చుట్టే కాడ ఆగిపోయింది. నేనెన్నడు మగ్గం మీద కూసోలే, సగం తెలిసిన పని గురించి రాసుడు నాకెందుకు అనిపించి చింపేసిన. ఈ పద్యం దోస్తు పంపింది. ‘చిత్రంబు’ అంటే ఇక్కడ ఏంది?

భాగవతముఁ దెలిసి పలుకుట చిత్రంబు
శూలికైనఁ దమ్మిచూలికైన
విబుధజనులవలన విన్నంత కన్నంత
తెలియవచ్చినంత తేటపఱతు

జవాబు: చెల్లె, చిత్రం అంటే ఇక్కడ బొమ్మ కాదు, వింత. శూలి శివుడు, తమ్మిచూలి తామరల పుట్టిన బ్రహ్మ. భాగవతం మొత్తం తెలుసుకొని చెప్పుడు వాళ్లకే అయ్యే పని కాదు, పెద్దల దగ్గర విన్నంత, చూసినంత, నాకు సమజైనంత విడమర్చి చెప్త అంటున్నడు మన బమ్మెర ఆయన. ఆటవెలది. పైకి చదువు, మూడు ‘అంత’ల కాడ గొంతు దానంతటదే ఆగుతది.

దీన్ని అందరు వినయం అంటరు. నాకట్ల అనిపియ్యదు. ఇదే అవతారికల, అంటే భాగవతం మొదట్ల కవి చెప్పుకున్న ముందుమాటల, ‘నేనందఱ మెప్పింతుఁ గృతుల’ అన్నది గూడ ఆయనే. కొందరికి తెలుగు కావాలె, కొందరికి సంస్కృతం, కొందరికి రెండు, అందరిని మెప్పిస్త అన్నడు. ఒట్టి వినయమే అయితే ఈ మాట నోట్లెకెల్లి రాదు. ఎంత తెలుసు అన్నకాడ జంకిండు గని, చెప్పుడు కాడ జంకలే.

ఇంకొకరు: అన్నా, ‘అల వైకుంఠపురంబులో’ పద్యం నడుమల ఆగితే రాముడే వచ్చి పూర్తిజేసిండని మా తాత చెప్పేటోడు.

జవాబు: మా ఇంట్ల గూడ అదే చెప్పేది. రాముని సంగతేమో గని, భాగవతమంత ఇప్పుడు పోతన ఒక్కని పేరు మీద లేదు. 5వ స్కంధం గంగనది, 6వది సింగనది, 11, 12 వెలిగందల నారయవి. చెల్లె, కండెలు చుట్టంగ దారం తెగితే అమ్మ ఏం జేస్తది?

పోస్టు: ముడేసి కొస పంటితోని కొరుకుతది. కత్తెర పక్కనే ఉంటది, అయినా ముట్టదు. ఇది రాయలే నేను.

జవాబు: రాయి మరి. అయినకాడికి ఈడ పెట్టు. మగ్గం మాటలు తప్పు పోతే దిద్దెటానికి ఈ గ్రూపుల కొత్తవాడోళ్లు శానామందే ఉన్నరు.