అమ్మకి 72, రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసేశారు. కరెంటు (రేడియేషన్) పెట్టించాలా, వద్దా?

మధిర అమ్మాయి:
కుడి రొమ్ములో 1.4 సెంటీమీటర్ల గడ్డ. గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు, చంకలోకి పాకలేదు, గ్రేడ్ 2 (మధ్యరకం), ఈఆర్ గట్టి పాజిటివ్ (అంటే హార్మోన్ మాత్రలకి లొంగే రకం), హెర్-2 అనే ప్రొటీన్ పరీక్ష నెగెటివ్. "రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటానంటే కరెంటు మానెయ్యొచ్చు, ఆలోచించుకోండి" అన్నారు డాక్టరు గారు. అన్నయ్యేమో పెట్టించాల్సిందే అంటాడు. నాకిష్టం లేదు. హైదరాబాద్‌లో మూడు వారాలు ఎవరింట్లో ఉంచాలి?

గోదారి శీను:
మీ అన్నయ్యదే రైటు. 17 ట్రయల్స్, 10,801 మంది ఆడవాళ్ల వివరాలు కలిపి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. గడ్డ తీసి ఊరుకుంటే పదేళ్లలో 35 శాతం మందికి తిరగబెట్టింది, కరెంటు పెడితే 19. చావులూ తగ్గాయి. ఇంత తెలిసీ మానేస్తారా?

డెట్రాయిట్ సుజాత:
శీను గారూ, అందులో అన్ని వయసులవాళ్లూ ఉన్నారు, చంకకి పాకినవాళ్లతో సహా. వీళ్ల అమ్మగారిలాంటివాళ్ల మీద చేసిన ట్రయల్ ప్రైమ్-2. 65 దాటినవాళ్లు 1,326 మంది, అందరికీ హార్మోన్ మాత్రలు. పదేళ్లకి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది కరెంటు లేనివాళ్లలో 9.5 శాతానికి, పెట్టించుకున్నవాళ్లలో 0.9కి. బతికున్నది మాత్రం రెండు వైపులా 81 శాతం దగ్గరే.

గోదారి శీను:
పదిరెట్లు తేడా అండీ! మళ్లీ వస్తే మళ్లీ కోత. 80 ఏళ్ల మనిషికి అదేం తక్కువ బాధా?

డెట్రాయిట్ సుజాత:
నూటికి తొంభై మందికి కరెంటు లేకుండానే రాలేదు కదా. వాళ్లందర్నీ ఊరికే తిప్పినట్టేగా.

కొత్తపేట కోడలు:
అందరూ కరెంటు గురించే కొట్టుకుంటున్నారు, మాత్ర సంగతి ఎవరూ అడగరేం? మా అత్తయ్యకి ఇలాగే వద్దనుకున్నాం. లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర ఐదేళ్లు రాశారు. ఎనిమిదో నెలలో పోపులడబ్బా వెనక స్ట్రిప్పు దొరికింది, పదింటిలో మూడే వాడింది. "ఈ మాత్రకి పొద్దున్నే వేళ్లు ముడుచుకోవట్లేదే, జడ కూడా వేసుకోలేకపోతున్నా" అంది. కోప్పడదామంటే నోరు రాలేదు. ప్రైమ్-2లోనూ కరెంటు లేకుండా మాత్రలు సరిగా వాడనివాళ్లకే తిరగబెట్టడం ఎక్కువ.
ఇంకోటి, మూడు వారాలు ఉండాల్సిన పని లేకపోవచ్చు. బ్రిటన్‌లో ఫాస్ట్-ఫార్వర్డ్ అని ట్రయల్ చేశారు, మొత్తం 26 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) కరెంటు ఐదు రోజుల్లో. ఐదేళ్లకి చూస్తే మూడు వారాల్లో పదిహేను సార్లు పెట్టేదానికి ఏమీ తీసిపోలేదు. అమ్మకి కుదురుతుందేమో అడగండి. సోమవారం వెళ్తే శుక్రవారం రాత్రి బండికి ఇంటికి.

గోదారి శీను:
అంటే కరెంటు పెట్టించేసి మాత్ర మానెయ్యమనా?

కొత్తపేట కోడలు:
అలా ఎందుకంటాను? కరెంటు ఆ రొమ్ము వరకే, మాత్ర ఒళ్లంతటికీ. మాత్ర రోజూ వేసుకుంటారన్న నమ్మకం కుదరనప్పుడు కరెంటుని కూడా వదులుకోవద్దంటున్నా.

మధిర అమ్మాయి:
అమ్మ బీపీ మాత్రల డబ్బా ఇవాళ తీసి చూశా. పోయిన నెల స్ట్రిప్పు సగం అలాగే ఉంది. అడిగితే "బాగానే ఉన్నా కదే" అంది. సోమవారం ఐదు రోజులదాని సంగతి డాక్టరు గారిని అడుగుతా. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు, ఎగిరి గంతేస్తాడు.