హమ్మస్ ఏ దేశానిది? అర్జెంట్

చిన్నూ అమ్మ: సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, తల వాచిపోయింది. ఒకచోట లెబనాన్ అని, ఒకచోట ఈజిప్ట్ అని, ఇంకోచోట ఇజ్రాయెల్ అని ఉంది. ఒక్క దేశం పేరు చెప్పండి చాలు. పొద్దున్నకల్లా కావాలి.

మిద్దెతోట: ఏ దేశానిదీ కాదండీ. ఆకులు, పేడ కుళ్ళి మట్టిలో కలిస్తే మిగిలే నల్లటి పదార్థమే హ్యూమస్. కుండీల్లో నీళ్ళు నిలవకపోతే అది తక్కువైందని అర్థం. వానపాముల ఎరువు వేయండి.

చిన్నూ అమ్మ: తినేదండీ బాబూ! శనగలది!

గల్ఫ్‌వాసి: అరబ్బీలో హుమ్ముస్ అంటే శనగలే. మీరడిగేది హుమ్ముస్ బి తహీనా, అంటే నువ్వుల ముద్ద కలిపిన శనగలు. ఇక్కడ కొట్లో ఊరికే హుమ్ముస్ అంటే ఉడికిన శనగల డబ్బా చేతిలో పెడతారు.

రుబ్బురోలు: దేశం సంగతి తర్వాత. ముందు ఏ శనగలు తీసుకున్నారు? నల్లవైతే బరకబరకగానే ఉంటుంది. కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, చిటికెడు సోడా వేసి, వేళ్ళ మధ్య పెడితే చితికిపోయేదాకా ఉడికించాలి. పైకి తేలిన పొట్టు తీసేయండి. తహీనాలో నిమ్మరసం పోయగానే గట్టిపడుతుంది, కంగారుపడి నూనె పోయకండి. చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే తెల్లగా, నున్నగా వస్తుంది. మా కోడలు వేరుశనగ ముద్ద వేసి అదే హమ్మస్ అంటుంది. పల్లీ చట్నీ అనొచ్చు కదా!

పాతపుటలు: శనగల సాగు మొదలైంది ఇప్పటి టర్కీ ఆగ్నేయం వైపు, వేల ఏళ్ళ కిందట. ఈ వంటకం దాఖలాలు మాత్రం 13వ శతాబ్దం నుంచి సిరియా, ఈజిప్ట్‌ల అరబ్బీ వంట పుస్తకాల్లో కనిపిస్తాయి. అప్పట్లో నిమ్మరసానికి బదులు వెనిగర్ పోసేవారు, ఆకులు, మసాలాలు దండిగా వేసేవారు. ఇప్పుడు మనం తినే రూపం షామ్ ప్రాంతానిది: సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్. అప్పట్లో ఈ సరిహద్దులే లేవు, ఒక్క దేశం ఎక్కడి నుంచి తేవాలి?

గల్ఫ్‌వాసి: లెబనాన్ వాళ్ళ ముందు ఆ మాట అనండి చూద్దాం. హమ్మస్ పేరు మాకే చెందాలని 2008లో రచ్చ చేశారు. 2010 మేలో 10,452 కిలోలు కలిపి గిన్నిస్‌కెక్కారు. ఆ అంకె ఎందుకో తెలుసా? వాళ్ళ దేశ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు.

పాతపుటలు: రికార్డు కొడితే పుట్టిల్లు అయిపోదు. అదే ఏడు జనవరిలో ఇజ్రాయెల్‌లోని అబూ ఘోష్ నాలుగు వేల కిలోలు దాటించింది. అది కూడా అరబ్బుల ఊరే.

కందిపొడి: ఇజ్రాయెల్‌ది కాదన్నట్టేనా?

పాతపుటలు: అక్కడ ఇంటింటా తింటారు, కాదనను. సిరియాలోని అలెప్పో, డమాస్కస్ వైపు నుంచి వచ్చిన యూదులకు అది పాత తిండే. మొదలుపెట్టింది ఎవరంటే మాత్రం ఆ దేశం పేరు రాయలేం.

కందిపొడి: అసలు ఎందుకు కావాలో ఆవిడ చెప్పలేదు.

చిన్నూ అమ్మ: స్కూల్లో ఫుడ్ డే. డబ్బా పక్కన ఆ దేశం జెండా అతికించాలి. చెప్పలేదా?

మిద్దెతోట: చెప్పలేదు.

పాతపుటలు: అయితే జెండా మానేసి ఆ నాలుగు దేశాల మ్యాప్ పెట్టండి.

చిన్నూ అమ్మ: ఈ టైమ్‌లో మ్యాప్ ఎక్కడ తేను! దేవదారు చెట్టున్న లెబనాన్ జెండా ఒకటి ప్రింట్ తీశాం, అదే అతికించేశా. థ్యాంక్సండీ అందరికీ.

రుబ్బురోలు: సోడా వేశారా లేదా?